తాళం తీసేసి స్విచ్చులు పెట్టేముందు: పాత కారు ఇగ్నిషన్ వైరింగ్

పాత కారులో తాళం అరిగిపోతుంది. లేదా తాళం వెనక ఉండే ఎలక్ట్రికల్ స్విచ్‌లో కాంటాక్టులు మాడిపోయి, తాళంచెవిని పట్టుకుని ఒక పక్కకు నొక్కితే తప్ప ఇంజన్ నడవదు. అప్పుడు చాలామంది చేసేది ఒకటే: దాన్ని పీకేసి డ్యాష్‌బోర్డులో ఒక టాగుల్ స్విచ్, పక్కన ఒక పుష్ బటన్ పెట్టేస్తారు. పద్ధతిలో తప్పేమీ లేదు. 1949లో క్రైస్లర్ కార్లలో తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగే ఏర్పాటు రాకముందు చాలా కార్లు ఇలాగే నడిచాయి. ఇగ్నిషన్‌కు ఒక స్విచ్ ఉండేది, సెల్ఫ్‌కు వేరే బటనో కాలితో తొక్కే పెడలో ఉండేది.

ఆ తర్వాత తాళం మీద ఒక్కొక్క పనీ పెరుగుతూ వచ్చింది. రేడియో, హీటర్ లాంటి వాటికి కరెంటు ఇవ్వడం, ఇగ్నిషన్‌కు ఇవ్వడం, స్ప్రింగుతో వెనక్కి వచ్చే స్టార్ట్ స్థానం. సెల్ఫ్ తిరిగేటప్పుడు రేడియో, ఫ్యాన్ లాంటివి ఆపి బ్యాటరీ బలమంతా సెల్ఫ్‌కే వదలడం. కొన్ని బండ్లలో అదే క్షణాన, స్పార్క్ కోసం వోల్టేజీ పెంచే ఇగ్నిషన్ కాయిల్‌కు రెసిస్టర్ దాటించి పూర్తి వోల్టేజీ పంపడం. 1970 ప్రాంతం నుంచి స్టీరింగ్ లాక్ కూడా దాని నెత్తినే పడింది. ఇగ్నిషన్ ఆన్ చేయనిదే స్టార్ట్ దాకా పోలేకపోవడం, చెవి జేబులో పడిందంటే అన్నీ ఆఫ్ అయినట్టే కావడం వేరే వైరింగ్ ఏదీ లేకుండా దక్కే లాభాలు. స్విచ్చులు పెట్టేవాళ్లు ఇందులో రెండే చూస్తారు, ఇగ్నిషన్, స్టార్ట్. మిగతా పనులు ఎవరు చేస్తారన్నది వైరు కత్తిరించక ముందే కాగితం మీద తేలాలి. ఈ పోస్టులో చెప్పేదంతా అదే.

చెవి తలలో చిప్ ఉన్న బండ్లను దీనికి దూరంగా ఉంచండి. యూరోపియన్ యూనియన్‌లో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇమ్మొబిలైజర్, అంటే ఆ చిప్‌ను గుర్తిస్తే తప్ప ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు, తప్పనిసరి అయింది. అలాంటి బండిలో తాళం వెనక వైర్లు కలిపినా సెల్ఫ్ తిరుగుతుందేమో గానీ, కంప్యూటర్ పెట్రోలు, స్పార్క్ ఇవ్వదు. కింద రాసేది పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ స్పార్క్ పుట్టించే కాంటాక్టులు), లేదా సాదా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న 12 వోల్టుల బండ్ల గురించి.

స్టీరింగ్ లాక్ సంగతి ముందు తేల్చండి

వైరింగ్‌లో తప్పు జరిగితే ఫ్యూజ్ పోతుంది. స్టీరింగ్ లాక్‌లో తప్పు జరిగితే ప్రాణం పోతుంది. చాలా కార్లలో తాళం బ్యారెల్ ముందుంటుంది, ఎలక్ట్రికల్ స్విచ్ దాని వెనక రెండు చిన్న స్క్రూలతో విడిగా బిగించి ఉంటుంది. చెవి ఆఫ్‌కు తెచ్చి బయటికి లాగగానే స్ప్రింగు బలంతో ఒక ఇనుప నాలుక స్టీరింగ్ షాఫ్టు గాడిలోకి దిగుతుంది. చెవిని ఆన్‌లో వదిలేసి బ్యారెల్‌ను అలాగే ఉంచి, వైర్లు మాత్రం స్విచ్చులకు మార్చేవాళ్లున్నారు. ఆ బ్యారెల్ ఎలాగూ అరిగిందే. గతుకుల్లో కదిలి చెవి వెనక్కి తిరిగి జారితే, మలుపులో స్టీరింగ్ బిగుసుకుపోతుంది.

దారులు రెండే. ఒకటి, లాక్ హౌసింగ్‌ను స్టీరింగ్ కాలమ్ మీద నుంచి పూర్తిగా తీసేయడం. దాన్ని పట్టి ఉంచేవి తల తెగిపోయే రకం బోల్టులు. స్పానర్‌కు పట్టు దొరకదు. మిగిలిన గుండ్రటి తల మధ్యలో పంచ్ గుర్తు పెట్టి, డ్రిల్ చేసి, ఎడమ చేతి ఎక్స్‌ట్రాక్టర్‌తో తిప్పి తీయాలి. లేదా సన్న ఉలితో అంచు మీద కొట్టి తిప్పొచ్చు. సుత్తి దెబ్బలు కాలమ్‌కు తగలకూడదు, ఎందుకంటే ప్రమాదంలో కుంగిపోయేలా చేసిన కాలమ్‌లు గట్టి దెబ్బకు లోపల దెబ్బతింటాయి. రెండోది, తాళాన్ని బాగు చేయించి స్టీరింగ్ లాక్ వరకే వాడుకోవడం, కరెంటు పని మాత్రం స్విచ్చులకు మార్చడం. నేను చెప్పేది ఈ రెండోదే. దొంగకు మీ స్విచ్ ప్యానెల్ అర నిమిషం పని. స్టీరింగ్ లాక్ ఉంటే వాడు బండిని రోడ్డెక్కించడం కష్టం.

లాక్ తీసేస్తే తనిఖీలోనూ బీమాలోనూ చిక్కు రావచ్చు. బండి రిజిస్టరైన చోట నియమం ఏమిటో, బీమా పత్రంలో ఏం రాసి ఉందో ముందే చదువుకోవడం మంచిది.

వైర్లను గుర్తుపట్టడం

రంగును చూసి నమ్మకండి. లూకస్ కంపెనీ వైరింగ్ ఉన్న బ్రిటిష్ కార్లలో గోధుమ రంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తెలుపు ఇగ్నిషన్, తెలుపు మీద ఎరుపు గీత సెల్ఫ్, నలుపు ఎర్త్, అంటే బండి బాడీకి కలిసేది. అదే జర్మన్ కార్లలో గోధుమ రంగు ఎర్త్, నలుపు ఇగ్నిషన్, ఎరుపు బ్యాటరీ. ఒక బండిలో ఎర్త్ అయిన రంగు మరో బండిలో నేరుగా బ్యాటరీ పాజిటివ్. పైగా యాభై ఏళ్లలో ఎవరెవరో అతుకులు వేసి ఉంటారు. జర్మన్ పద్ధతిలో టర్మినల్ మీద అంకె ఉంటుంది, దాన్ని నమ్మొచ్చు: 30 అంటే బ్యాటరీ, 15 ఇగ్నిషన్, 50 సెల్ఫ్, 75 రేడియో లాంటి వాటికి, 31 ఎర్త్, 61 చార్జింగ్ దీపం.

బ్యాటరీ నెగెటివ్ ఊడదీయండి. తాళం వెనక ప్లగ్గు లాగి, ప్రతి వైరుకూ కాగితం చుట్టి నంబరు వేయండి. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, చెవిని ఆఫ్, ఏసీసీ (రేడియో లాంటివి మాత్రమే పనిచేసేది), ఆన్, స్టార్ట్ స్థానాల్లో ఒక్కొక్కచోట ఉంచి, స్విచ్ పిన్నుల్లో ఏది ఏదానితో కలుస్తోందో రాసుకోండి. స్టార్ట్‌లో పట్టుకుని ఉంచినప్పుడు రెండు కొత్త పిన్నులకు బీప్ వస్తే, ఒకటి సెల్ఫ్‌ది, రెండోది కాయిల్‌కు నేరుగా పోయేది. ఈ రెండో పిన్నును చూడకుండా వదిలేస్తే తర్వాత తల పట్టుకోవాల్సి వస్తుంది. ఆన్‌లో రెండు వేర్వేరు పిన్నులకు కరెంటు వస్తే ఆ రెంటినీ ఒకే తీగగా భావించకండి. ఒకటి స్టార్ట్‌లో తెగిపోయేది, ఒకటి తెగనిది అయ్యుండొచ్చు. పట్టిక పూర్తయ్యాక బ్యాటరీ కలిపి, బండి వైపు ప్లగ్గులో ఎప్పుడూ 12 వోల్టులు ఉండే వైరు ఏదో మీటరుతో ఖాయం చేసుకోండి. కలిపిన ఈ కాసేపట్లో మీటరు కడ్డీ తప్ప మరేదీ ఆ ప్లగ్గును తాకకూడదు.

ఏ వైరులో ఎంత కరెంటు

సెల్ఫ్ మోటారుకు పోయే లావు కేబుల్ జోలికి పోవద్దు. అందులో వంద నుంచి రెండొందల ఆంపియర్లు, ఒక్కోసారి అంతకు మించి పోతాయి. అది బ్యాటరీ నుంచి, కరెంటు ఇస్తే లాగే అయస్కాంత స్విచ్ అయిన సొలినాయిడ్‌కు నేరుగా వెళ్తుంది, తాళానికీ దానికీ సంబంధం లేదు. మీ బటన్ చేయాల్సింది సొలినాయిడ్‌లోని చిన్న టర్మినల్‌కు, అంటే 50కి, కరెంటు పంపడమే.

ఆ చిన్న టర్మినల్ కూడా అంత చిన్నదేం కాదు. గేరును ముందుకు నెట్టే సొలినాయిడ్ మొదటి లాగుడుకు 30 నుంచి 50 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. లోపల కాంటాక్టు కలిశాక 10 ఆంపియర్ల చుట్టుపక్కలకు దిగుతుంది. అంగుళం పుష్ బటన్ మీద 10 ఆంపియర్లని ముద్ర ఉంటే, నేరుగా కలిపిన మొదటి నెలలోనే దాని కాంటాక్టులు కాలి గుంటలు పడతాయి. అంతకన్నా ప్రమాదం, అవి అతుక్కుపోవడం. బటన్ వదిలినా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది.

టాగుల్ స్విచ్ కొనేటప్పుడు చూడాల్సింది డీసీ రేటింగు. 250 వోల్టుల ఏసీకి 15 ఆంపియర్లని రాసి ఉన్న స్విచ్ 12 వోల్టుల డీసీలో అంత మోయకపోవచ్చు. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు మెరుపు దానంతటదే ఆరిపోతుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు. కాయిల్ లాంటి చుట్టల లోడ్ అయితే మెరుపు ఇంకా సాగుతుంది. డీసీ రేటింగు రాయని స్విచ్‌ను పక్కన పెట్టేయండి.

అందుకే స్విచ్చులతో రిలేలను మాత్రమే నడిపించాలి, బరువు రిలే మోస్తుంది. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే అయస్కాంత స్విచ్. దాని మీద 85, 86 లోపలి కాయిల్ రెండు కొసలు, 30 కరెంటు వచ్చే పిన్ను, 87 కాయిల్ లాగినప్పుడు 30తో కలిసే పిన్ను. మామూలు ఆటోమొబైల్ రిలే 30 లేదా 40 ఆంపియర్లది. దాని కాయిల్ నిరోధం 80 నుంచి 90 ఓములు, అంటే సుమారు 0.15 ఆంపియరు. ఏ స్విచ్ అయినా దీన్ని అలవోకగా మోస్తుంది.

వైరింగ్ ఇలా

బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక జానెడు లోపలే 40 ఆంపియర్ల ఫ్యూజ్. ఫ్యూజ్ కాపాడేది వైరును, కాబట్టి ఫ్యూజ్‌కు ముందున్న వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. అక్కడి నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల వైరు రిలేల దాకా. బండిలో ఆంపియర్ మీటర్ ఉంటే మాత్రం ఈ ఫీడ్ బ్యాటరీ దగ్గర తీయకండి, మీటరుకు ఆల్టర్నేటర్ వైపున్న టర్మినల్ దగ్గర తీయండి. ఆ వైపు ఫ్యూజ్ కూడా ఆ టర్మినల్‌కు దగ్గర్లోనే. లేదంటే ఇగ్నిషన్ వాడే కరెంటు కూడా మీటరు గుండా బ్యాటరీ వైపు పోయి, బ్యాటరీ నిండినా ముల్లు చార్జింగ్ వైపే వాలి ఉంటుంది.

మూడు రిలేలు కావాలి. మొదటిది ఇగ్నిషన్ రిలే. దాని 30కి బ్యాటరీ ఫీడ్. అదే ఫీడ్ నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజ్ గుండా 0.75 లేదా 1 చదరపు మిల్లీమీటరు వైరు టాగుల్ స్విచ్‌కు, స్విచ్ నుంచి రిలే 86కు. 85 ఎర్త్‌కు. 87 నుంచి వచ్చేదే మీ కొత్త ఇగ్నిషన్ లైను. పాత ప్లగ్గులో 15 నంబరు పని చేసిన వైర్లన్నీ దీనికే, ఫ్యూజుల గుండా. కాయిల్‌కు విడిగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. 3 ఓముల కాయిల్ 5 ఆంపియర్లకు మించి తీసుకోదు. దారిలో ఇంజన్ ఆగిపోకూడదని కొన్ని కంపెనీలు కాయిల్‌కు ఫ్యూజే పెట్టలేదు. నా మాటైతే ఫ్యూజ్ ఉండాలి, కానీ ఆ ఫ్యూజ్ మీద ఇంకేదీ కలపకూడదు. వైపర్ మోటారు బిగుసుకుంటే దానితో పాటు ఇంజన్ ఎందుకు ఆగాలి?

రెండోది స్టార్ట్ రిలే. దీని 30కీ బ్యాటరీ ఫీడే, 85 ఎర్త్‌కు. పుష్ బటన్‌కు కరెంటును బ్యాటరీ నుంచి కాదు, ఇగ్నిషన్ రిలే 87 నుంచే ఇవ్వండి, ఇదీ 3 ఆంపియర్ల ఫ్యూజ్ గుండానే. దీంతో తాళంలో ఉన్న ఒక రక్షణ తిరిగొస్తుంది: ఇగ్నిషన్ ఆన్‌లో లేకపోతే బటన్ చచ్చినట్టే. గేరులో నిలిపిన బండిలో పిల్లవాడు బటన్ నొక్కితే బండి ముందుకు దూకుతుంది, తాళం ఉన్న రోజుల్లో ఆ భయం లేదు. బటన్ నుంచి, గేరు న్యూట్రల్‌లో ఉంటేనే కలిసే న్యూట్రల్ స్విచ్ గుండా, క్లచ్ స్విచ్ ఉంటే దాని గుండా, రిలే 86కు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో న్యూట్రల్ స్విచ్‌ను తప్పించి కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. రిలే 87 నుంచి సొలినాయిడ్ 50కి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు.

మూడోది ఐదు పిన్నుల రిలే. రేడియో, ఫ్యాన్ లాంటి వాటి టాగుల్ స్విచ్ తర్వాత దీన్ని పెడతారు. కరెంటు 30లోకి వచ్చి, మామూలుగా కలిసి ఉండే 87ఏ గుండా బయటికి పోతుంది. దీని కాయిల్‌ను స్టార్ట్ రిలే కాయిల్‌తో సమాంతరంగా కలిపితే, బటన్ నొక్కి ఉన్నంతసేపూ ఇవన్నీ ఆగిపోతాయి. 87ఏ మోయగల కరెంటు 87 కన్నా తక్కువ, 40 రాసి ఉన్న రిలేలో 30 ఉండటం మామూలే. ముందున్న టాగుల్ స్విచ్ మోయగలిగేది ఇంకా తక్కువ. హీటర్ ఫ్యాన్ లాంటి పెద్ద లోడ్ ఉంటే ఆ స్విచ్‌కూ ఒక రిలే పెట్టండి.

ప్రతి రిలే కాయిల్‌కూ అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) పెట్టండి, తెల్ల గీత ఉన్న కొస పాజిటివ్ వైపు, అంటే 86 వైపు. కాయిల్ కరెంటు తెగిన క్షణంలో వెనక్కి కొట్టే వందల వోల్టుల పోటును అది మింగేస్తుంది, స్విచ్ కాంటాక్టులు బతుకుతాయి. గీత తిరగబడితే నేరుగా షార్టే. 3 ఆంపియర్ల ఫ్యూజ్ పోయిందంటే మొదట చూడాల్సింది ఆ గీతనే. పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి) ఉన్న పాత బ్రిటిష్ బండి అయితే గీత ఎర్త్ వైపు రావాలి. 6 వోల్టుల బండికి 6 వోల్టుల కాయిల్ ఉన్న రిలేలే కావాలి, 12వి లాగవు.

నడుస్తున్న ఇంజన్ మీద పొరపాటున బటన్ నొక్కితే సెల్ఫ్ పినియన్ ఫ్లైవీలు పళ్లను గీరేస్తుంది. తాళాల్లో కొన్నిటికి దీన్ని ఆపే లివరు ఉండేది: ఒకసారి స్టార్ట్ చేశాక ఆఫ్‌కు రాకుండా మళ్లీ స్టార్ట్‌కు పోనిచ్చేది కాదు. చార్జింగ్ దీపపు టర్మినల్ ఉన్న ఆల్టర్నేటర్ అయితే దీన్ని తేలిగ్గా తిరిగి తెచ్చుకోవచ్చు. స్టార్ట్ రిలే 85ను ఎర్త్‌కు కాకుండా ఆ డి ప్లస్ టర్మినల్‌కు కలపండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ టర్మినల్ రోటరు చుట్ట గుండా ఎర్త్‌కు దగ్గరగా ఉంటుంది, రిలే లాగుతుంది. ఇంజన్ అందుకోగానే అక్కడికి 14 వోల్టులు వస్తాయి, కాయిల్ రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజీ, రిలే వదిలేస్తుంది. బటన్ ఎంత నొక్కినా ఇక పలకదు. ఇలా చేస్తే మూడో రిలే 85ను కూడా ఎర్త్‌కు కాకుండా ఆ డి ప్లస్‌కే కలపండి, లేదంటే ఇంజన్ నడిచినంతసేపూ డి ప్లస్ కరెంటు స్టార్ట్ రిలే డయోడ్ గుండా దాని కాయిల్‌కు చేరి రేడియో, ఫ్యాన్ ఆగిపోతాయి. లోపం ఒకటే: ఆల్టర్నేటర్ బ్రష్షులు అరిగిపోతే సెల్ఫ్ కూడా తిరగదు. ఆ రోజుకు రిలే 85ను చేత్తో ఎర్త్‌కు తాకించవచ్చని గుర్తుంచుకోండి.

బటన్ వదలగానే ఆగిపోయే ఇంజన్

కొన్ని బండ్లలో కాయిల్ 1.5 ఓములదే. నడిచేటప్పుడు దాని ముందు ఇంకో 1.5 ఓముల బ్యాలస్ట్ రెసిస్టర్ కరెంటును అదుపులో ఉంచుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ 9, 10 వోల్టులకు కుంగుతుంది కాబట్టి అప్పుడు మాత్రం రెసిస్టర్‌ను దాటవేసి నేరుగా ఇస్తారు. స్విచ్చులు పెట్టినప్పుడు ఇది చెడేది మూడు విధాలుగా.

బటన్ నొక్కినంతసేపు ఇంజన్ అందుకుని, వదలగానే ఆగిపోతే, దాటవేసే వైరు కలిసింది కానీ రెసిస్టర్ గుండా పోయే మామూలు వైరు కలవలేదు, లేదా రెసిస్టరే తెగిపోయింది. దానికి తిరగేసి, బటన్ వదిలిన క్షణంలో అందుకుంటే, దాటవేసే వైరు కలపలేదు. వెచ్చని రోజున ఇది బయటపడదు, చలి పొద్దున తెలుస్తుంది. మూడోది, రెసిస్టర్ అక్కర్లేదని తీసేసి నేరుగా 12 వోల్టులు ఇస్తే కాయిల్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, పాయింట్లు నీలం రంగుకు తిరిగి మాడతాయి.

దాటవేసే వైరును స్టార్ట్ రిలే 87కే తగిలించేద్దామనిపిస్తుంది. అలా చేయకండి. బటన్ వదిలాక కాయిల్‌కు వచ్చే కరెంటు అదే వైరు గుండా వెనక్కి నడిచి సొలినాయిడ్ చుట్టలోకి పోతుంది. ఆ చుట్ట నిరోధం ఓము చుట్టుపక్కలే కనక కాయిల్‌కు దక్కాల్సినదంతా అది తాగేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. రెండు 87 పిన్నులున్న రిలే తెచ్చినా చాలావరకు ఇదే కథ, ఎందుకంటే మామూలుగా ఆ రెండు పిన్నులూ లోపల ఒకటే. దీనికి విడిగా నాలుగో రిలే పెట్టండి. అన్నిటికన్నా ముందు సొలినాయిడ్‌ను ఒకసారి పరకాయించి చూడండి. కాయిల్ వైపు పోయే సన్న వైరు ఒకటి అక్కడి నుంచే బయల్దేరి ఉంటే, దాటవేసే పని సొలినాయిడే చేసుకుంటోంది. మీరు ఏమీ కలపనక్కర్లేదు.

ఆఫ్ చేసినా ఆగని ఇంజన్

రిలే పెట్టిన వాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. టాగుల్ కిందికి వేస్తారు, ఇంజన్ నిక్షేపంగా నడుస్తూనే ఉంటుంది. కారణం చార్జింగ్ దీపం. 2 వాట్ల ఆ చిన్న బల్బు ఒక కొస ఇగ్నిషన్‌కు, ఇంకో కొస ఆల్టర్నేటర్ డి ప్లస్‌కు. దాన్ని టాగుల్‌కూ రిలే 86కూ మధ్య ఎక్కడో తగిలిస్తే, స్విచ్ తెరిచాక ఆల్టర్నేటర్ 14 వోల్టులు బల్బు గుండా వెనక్కి వచ్చి రిలే కాయిల్‌ను పట్టి ఉంచుతాయి. రిలే లాగడానికి 8 వోల్టులు కావాలి గానీ, ఒకసారి లాగాక మూడు నాలుగు వోల్టులున్నా వదలదు. దీపాన్ని రిలే 87 వైపుకు మార్చండి. దానితో పాటు బల్బుకు వరుసలో ఒక 1ఎన్4007 పెట్టండి, గీత ఆల్టర్నేటర్ వైపు. కరెంటు ఆల్టర్నేటర్‌కు పోగలదు, వెనక్కి రాలేదు. తక్కువ కరెంటుతో నడిచే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండికి ఈ డయోడ్ లేకుండా కుదరదు.

అసలు దీపాన్నే ఎత్తేస్తే ఇంకో తంటా. చాలా ఆల్టర్నేటర్లు మొదట మేల్కొనేది ఆ బల్బు గుండా వచ్చే కరెంటుతోనే. అది లేకపోతే ఇంజన్‌ను గట్టిగా రేపేదాకా చార్జింగ్ మొదలవదు. బల్బు బదులు ఎల్ఈడీ పెట్టినా అంతే. ఎల్ఈడీ పెట్టాలనుకుంటే పక్కన 68 ఓముల, 5 వాట్ల రెసిస్టర్ సమాంతరంగా ఉండాలి.

ఆఫ్ చేశాక ఇంజన్ గడగడా కొట్టుకుంటూ అడ్డదిడ్డంగా నాలుగు తిప్పులు తిరిగి ఆగితే అది వైరింగ్ తప్పు కాదు. సిలిండర్‌లో ఎర్రగా కాలిన మసి పెట్రోలును అంటిస్తోంది. కార్బురేటర్ మీద ఐడిల్ కట్ సొలినాయిడ్ (కరెంటు పోగానే ఐడిల్ పెట్రోలును ఆపేది) ఉంటే దానికి పోయే వైరు కొత్త ఇగ్నిషన్ లైనుకు చేరిందో లేదో చూడండి. ఆ వైరు పూర్తిగా మర్చిపోయారంటే తేడా ఇంకా ముందే తెలుస్తుంది: చోక్ మీద, యాక్సిలరేటర్ మీద నడుస్తుంది, కాలు తీయగానే ఆగిపోతుంది. కార్బురేటర్ విప్పే ముందు ఆ సొలినాయిడ్ టర్మినల్ మీద మీటరు పెట్టండి.

పెట్రోలు పంపు, డీజిల్, మ్యాగ్నెటో

ఎలక్ట్రిక్ పెట్రోలు పంపుకు విడిగా టాగుల్ పెట్టడం చూడ్డానికి బాగుంటుంది. ప్రమాదం జరిగి ఇంజన్ ఆగినా, గొట్టం తెగినా, ఆ పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పంపు కరెంటు ఇగ్నిషన్ లైను నుంచే రావాలి, మధ్యలో గుద్దుకు తెగే ఇనర్షియా స్విచ్ ఉండాలి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా కూడా నడిపితే ఇంజన్ ఆగగానే పంపూ ఆగుతుంది. అలాంటప్పుడు సెల్ఫ్ తిరిగే సమయంలో పంపుకు వేరే దారి ఇవ్వాలి, ఆ దారీ స్టార్ట్ రిలే 87తో ముడిపడకూడదు, పైన చెప్పిన కారణానికే.

పాత డీజిల్‌లో కాయిల్ ఉండదు. ఇంజెక్షన్ పంపు మీద కట్ సొలినాయిడ్ ఉంటే దాన్ని ఇగ్నిషన్ లైనుకు కలపాలి. లాగి ఆపే తీగ ఉంటే ఏ స్విచ్చూ ఇంజన్‌ను ఆపదు, ఆ తీగను అలాగే ఉంచండి. స్టార్ట్ చేసేముందు సిలిండర్లను వేడిచేసే గ్లో ప్లగ్గులు నాలుగూ కలిసి 50 ఆంపియర్లు దాటొచ్చు. వాటికి 70 లేదా 80 ఆంపియర్ల రిలే, 10 చదరపు మిల్లీమీటర్ల వైరు, నొక్కి పట్టుకునే బటన్ కావాలి. టాగుల్ పెడితే మర్చిపోయి వదిలేస్తారు, ప్లగ్గుల కొసలు కాలి రాలిపోతాయి.

మ్యాగ్నెటో (బ్యాటరీ లేకుండా తనే స్పార్క్ కరెంటు పుట్టించేది) ఉన్న పాత మోటార్ సైకిళ్లు, ట్రాక్టర్లలో లెక్క తలకిందులు. అక్కడ స్విచ్ కలిస్తే ఎర్త్ అయి ఇంజన్ ఆగుతుంది, తెరిస్తే నడుస్తుంది. ఆ వైరుకు పొరపాటున కూడా 12 వోల్టులు ఇవ్వకండి, మ్యాగ్నెటో పాడవుతుంది.

చేతిపని

6.3 మిల్లీమీటర్ల స్పేడ్ టర్మినళ్లను రాచెట్ ఉన్న క్రింపింగ్ టూల్‌తోనే నొక్కండి. కటింగ్ ప్లయరుతో నొక్కిన టర్మినల్‌ను పట్టుకుని లాగితే వైరు ఊడి వస్తుంది. నొక్కిన ప్రతిదాన్నీ ఒకసారి గట్టిగా లాగి చూడటం అలవాటు చేసుకోవాలి. టంకం వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకుంటారు. కరిగిన టంకం పోగుల మధ్య పైకి పాకి, కొంత దూరం వైరును కడ్డీలా చేస్తుంది. ఆ కడ్డీ ముగిసే చోట వైరు వణుకుడుకు ఒక్కొక్క పోగే తెగుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కు చెదరదు. ఆన్‌లో ఉండి కరెంటు రాని వైరును ఆ చోట వంచి చూస్తే మెత్తగా మడత పడుతుంది.

ఫైర్‌వాల్ (ఇంజన్ వైపు అడ్డు రేకు) రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రిలేల పిన్నులు కిందికి చూసేలా బిగిస్తే నీళ్లు లోపల నిలవవు. ఎర్త్ బోల్టు కింద రంగు గీకి, మెరిసే ఇనుము మీద పళ్ల వాషర్ వేయండి. టాగుల్ మోకాలికి తగిలే చోట ఉండకూడదు. బటన్‌నూ టాగుల్‌నూ చీకట్లో వేళ్లతో తడిమినా తేడా తెలిసేలా పెట్టాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉందని చూపే ఎర్ర దీపం ఒకటి అవసరం. చెవి లేదు కాబట్టి, ఇంజన్ ఆగినా స్విచ్ ఆన్‌లో ఉండిపోవచ్చు. పాయింట్లు కలిసి ఉన్న చోట ఇంజన్ ఆగితే 4 ఆంపియర్లు గంటలకొద్దీ కాయిల్‌లోనే కాలుతుంటాయి. కాయిల్ ఉబ్బి నూనె కక్కుతుంది.

బ్యాటరీని పూర్తిగా తెంచే ఐసోలేటర్ స్విచ్ చేతికందే చోట ఉంటే మంచిది, స్టార్ట్ రిలే అతుక్కుపోతే సెల్ఫ్‌ను ఆపేది అదొక్కటే. కానీ మామూలు రెండు టర్మినళ్ల ఐసోలేటర్‌ను ఇంజన్ నడుస్తుండగా తిప్పితే, బ్యాటరీ ఆసరా పోయిన ఆల్టర్నేటర్ వోల్టేజీ ఎగసి దాని డయోడ్లనే కాల్చేస్తుంది. రేసు కార్లలో వాడే ఆరు టర్మినళ్ల రకం కాయిల్‌ను కూడా అదే దెబ్బలో తెంచుతుంది, ఆల్టర్నేటర్ మిగులు కరెంటును 3 ఓముల రెసిస్టర్‌లోకి దింపుతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు

కాయిల్ వైరు, సొలినాయిడ్ 50 వైరు ఊడదీసి, కొసలకు టేపు చుట్టి ఉంచండి. 40 ఆంపియర్ల ఫ్యూజ్ స్థానంలో 21 వాట్ల బ్రేకు బల్బు కలపండి. అన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు బల్బు వెలగకూడదు. ఇగ్నిషన్ టాగుల్ వేస్తే రిలే టిక్కుమనాలి, బల్బు తీగ కనీకనిపించనట్టు ఎర్రబారితే సరే. దేదీప్యమానంగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, వైరు మాత్రం కాలలేదు. ఒక్కో స్విచ్చూ వేసి చూశాక అసలు ఫ్యూజ్ పెట్టి, వైర్లు కలపండి.

తర్వాత వోల్టేజీ డ్రాప్ కొలవాలి. పాయింట్లు కలిసి ఉండేలా ఇంజన్‌ను చేత్తో తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మీటరు ఎర్ర కడ్డీ బ్యాటరీ పాజిటివ్ మీద, నల్ల కడ్డీ కాయిల్ పాజిటివ్ మీద పెట్టండి. బ్యాలస్ట్ ఉంటే నల్ల కడ్డీ దాని ముందు కొస మీద. అర వోల్టు లోపు ఉండాలి. పాయింట్లు తెరుచుకుని ఉంటే కరెంటే పోదు, సున్నా చూపించి మోసం చేస్తుంది. అర వోల్టు దాటితే నల్ల కడ్డీని ఒక్కో టర్మినల్ వెనక్కి జరుపుతూ రండి, అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతుందో ఆ అతుకు సరిగా పడలేదు. అదే పద్ధతిలో బటన్ నొక్కి సొలినాయిడ్ 50 దగ్గరా కొలవండి. అక్కడ ఒక వోల్టు దాకా ఫరవాలేదు. రిలే టకటకమని కొట్టుకుంటే రిలేను తిట్టకుండా ముందు బ్యాటరీని, ఎర్త్‌ను చూడండి.

ఇంజన్ నడిచాక మూడుసార్లు ఆఫ్ చేసి చూడండి: ఒకసారి ఐడిల్‌లో, ఒకసారి 2000 ఆర్‌పీఎం దగ్గర, ఒకసారి హెడ్‌లైట్లు, ఫ్యాన్ అన్నీ ఆన్‌లో ఉండగా. మూడుసార్లూ వెంటనే ఆగాలి. అరగంట నడిపాక ప్రతి రిలేనూ, ఫ్యూజ్ హోల్డరునూ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు, వేలు వెనక్కి లాక్కోవాల్సి వస్తే ఆ టర్మినల్ మళ్లీ క్రింప్ చేయాలి. మొదట వేసుకున్న పట్టిక, కొత్త వైరింగ్ బొమ్మ, ఏ ఫ్యూజ్ దేనిదన్న వివరం ఒక కాగితం మీద రాసి, ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఫ్యూజ్ బాక్సు మూత లోపలి వైపు అంటించండి. పాత తాళం ప్లగ్గును కోయకుండా ఉంచి ఉంటే, దాని నంబర్ల కాగితాలను కూడా అలాగే వదిలేయండి.